రాబర్ట్ మెక్‌కారిసన్

సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ (మార్చి 15, 1878 - మే 18, 1960) భారతదేశంలో పోషకాహార పరిశోధనకు పునాది వేసిన ఐరిష్ వైద్యుడు, శాస్త్రవేత్త. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, 1918లో ఈయన కూనూరులో ఒకే ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధనశాల నుండి ఎదిగినదే. ఆహారాన్ని ఒక్కొక్క విటమినుగా విడదీసి చూసినంత మాత్రాన సరిపోదనీ, పంట పండిన నేల మొదలు వంటగదిలో వండే పద్ధతి వరకు మొత్తాన్ని కలిపి పరిశీలించాలనీ ఈయన వాదించాడు. ఈ వాదంలో కొంత భాగం కాలపరీక్షకు నిలిచింది, కొంత నిలవలేదు.

బాల్యము, విద్య

మెక్‌కారిసన్ ఐర్లండు ఉత్తర భాగాన ఆర్మా కౌంటీలోని పోర్టడౌన్ పట్టణంలో జన్మించాడు. బెల్‌ఫాస్టు క్వీన్స్ కళాశాలలో వైద్యశాస్త్రం చదివి 1900లో ప్రథమశ్రేణిలో పట్టా పొందాడు. మరుసటి సంవత్సరం ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, తన 23వ పుట్టినరోజున ఓడలో భారతదేశానికి బయలుదేరాడు.

చిత్రాల్, గిల్గిట్‌లలో

మొదట వాయవ్య సరిహద్దులోని చిత్రాల్‌లో (ప్రస్తుతం పాకిస్తాన్‌లో ఉన్నది) సైనికదళానికి వైద్యునిగా నియమితుడయ్యాడు. అక్కడ ప్రతి వేసవిలో సైనికులను మూడు రోజులపాటు పడకవేసే జ్వరం ఒకటి ఉండేది. అది శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కాటు వలన వ్యాపిస్తున్నదని మెక్‌కారిసన్ గుర్తించాడు. అప్పటికి ఆయనకు ముప్పై యేళ్ళు కూడా నిండలేదు.

తరువాత గిల్గిట్‌లో గాయిటర్ వ్యాధిపై (థైరాయిడ్ గ్రంథి ఉబ్బి మెడ వాచే వ్యాధి) చేసిన పరిశోధన ఆయనకు పేరు తెచ్చింది. గిల్గిట్ గ్రామాలలో నీరు ఒకే కాలువ వెంట ఒక ఊరి నుండి మరొక ఊరికి పారుతుంది. ఎగువ ఊళ్ళలో తక్కువగా ఉన్న వ్యాధి దిగువకు పోయేకొద్దీ పెరుగుతున్నదని ఆయన లెక్కించి చూపాడు. అంతటితో ఆగక, ఆ నీటిలోని మడ్డిని తానే త్రాగాడు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మరికొందరి చేత త్రాగించాడు. కొందరికి మెడ వాచింది. మడ్డిని మరిగించి త్రాగినవారికి వాపు రాలేదు. దీనిని బట్టి గాయిటర్ కలుషిత నీటి ద్వారా వచ్చే అంటువ్యాధి అని ఆయన భావించాడు. అయోడిన్ లోపమే దీనికి ప్రధాన కారణమని తరువాతి కాలంలో స్థిరపడింది కనుక, ఆ నిర్ణయం ఇప్పుడు పూర్తిగా అంగీకరింపబడదు. అయినా సాహసంతో కూడిన ఆ ప్రయోగాలు వైద్య చరిత్రలో నిలిచిపోయాయి. 1911లో ప్రభుత్వం ఆయనకు కైసర్-ఇ-హింద్ బంగారు పతకం ఇచ్చింది.

గిల్గిట్‌కు ఉత్తరాన ఉన్న హుంజా ప్రజల దేహదారుఢ్యం కూడా ఆయన దృష్టిని ఆకర్షించింది. ధాన్యాలు, కూరగాయలు, పండ్లు, పాలు, అరుదుగా మాంసం, ఇదీ వారి ఆహారం. ఇంత సాదా తిండి తినేవారు అంత దృఢంగా ఎలా ఉన్నారన్న ప్రశ్న ఆయనను చివరివరకూ వదలలేదు. హుంజావారు నూటయాభై యేళ్ళు బ్రతుకుతారన్న ప్రచారం మాత్రం తరువాత వచ్చిన రచయితలు అల్లినది.

కూనూరు ప్రయోగశాల

1918లో నీలగిరి కొండలలోని కూనూరు పాశ్చర్ సంస్థలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరుపట్టి, చివరకు గుండె ఆగిపోయే ఈ వ్యాధి మద్రాసు రాష్ట్రంలో ముఖ్యంగా ఉత్తర సర్కారు జిల్లాల తీరప్రాంతంలో, అంటే తెలుగువారి మధ్యనే, స్థిరపడి ఉండేది. తమిళ ప్రాంతాలలో వరి అన్నం ఇంతకు తక్కువేమీ తినరు. తేడా బియ్యంలో ఉన్నది. అక్కడివారు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యాన్ని పొట్టుతోనే ఉడికించి ఆరబెట్టినపుడు పై పొరలోని బి1 విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, ఆపైన మరలో ఆడించినా చాలావరకు మిగులుతుంది. సర్కారు జిల్లాలలో పచ్చి ధాన్యాన్నే మరలో ఆడించి తెల్లగా పాలిష్ పట్టించేవారు. తవుడుతో పాటు విటమిను పశువుల తొట్టిలోకి పోయేది. మిగిలిన కాస్త, బియ్యాన్ని పలుమార్లు కడగటం, గంజి వార్చి పారబోయటం వలన పోయేది. 1924లో మెక్‌కారిసన్, నోరిస్ కలిసి బియ్యానికి, బెరిబెరికి గల సంబంధంపై వివరమైన గ్రంథం ప్రకటించారు. ఇంట్లో రోకటితో దంచిన బియ్యం తినేవారికి ఈ బెడద తక్కువ. దంపుడు బియ్యం మోటువారి తిండి అనీ, తెల్లని అన్నం మర్యాద అనీ భావించిన కుటుంబాలు ఆ మర్యాదకు పెద్ద మూల్యమే చెల్లించాయి.

ఈ పరిశోధన నిరాటంకంగా సాగలేదు. అనారోగ్యం వలన మెక్‌కారిసన్ కొంతకాలం ఇంగ్లండులో ఉండవలసి వచ్చింది. 1923లో ఖర్చు తగ్గింపు పేరుతో ప్రభుత్వం పరిశోధననే నిలిపివేసింది. 1925లో అది తిరిగి ప్రారంభమై, 1928లో పోషకాహార పరిశోధనశాలలుగా రూపొందింది. దానికి మొదటి సంచాలకుడు మెక్‌కారిసనే.

ఎలుకల ప్రయోగాలు

ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి ఈ ప్రయోగాలు. ఒకే వయసు ఎలుకలను గుంపులుగా విడదీసి సిక్కు, పఠాను, మరాఠా, గూర్ఖా, కన్నడ, బెంగాలీ, మద్రాసీ ప్రజల ఆహారాలను ఒక్కొక్క గుంపుకు ఇచ్చాడు. ప్రయోగాంతంలో సిక్కు ఆహారం తిన్న ఎలుకల సగటు బరువు 235 గ్రాములు, మద్రాసీ ఆహారం తిన్నవాటి బరువు 155 గ్రాములు. తిండి ఎంత ఉన్నదన్నదాని కంటే ఆ తిండిలో ఏమున్నదన్నదే ఇక్కడ ముఖ్యం.

ప్రయోగశాలలోని సాధారణ ఎలుకలన్నిటికీ ఆయన సిక్కు ఆహారాన్నే పెట్టేవాడు: పొట్టు తీయని గోధుమపిండి రొట్టెలు, వెన్న, మొలకెత్తిన సెనగలు, పచ్చి క్యారెట్లు, క్యాబేజీ, కాచని పాలు, వారానికి ఒకసారి ఎముకతో కొద్దిగా మాంసం. రెండేళ్ళకు పైగా సాగిన కాలంలో ఆ వెయ్యికి పైబడిన ఎలుకలలో జబ్బు అన్నదే దాదాపు కనిపించలేదు. లోపాలున్న ఆహారం తిన్న రెండు వేల పైచిలుకు ఎలుకలలో ఊపిరితిత్తుల జబ్బులు, జీర్ణాశయ వ్యాధులు, మూత్రాశయంలో రాళ్ళు కనిపించాయి. కర్రపెండలం ఎక్కువగా ఉండే తిరువాన్కూరు పేదల ఆహారం తిన్నవాటిలో సుమారు నాలుగో వంతుకు జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి.

తన స్వదేశీయులను కూడా ఆయన విడిచిపెట్టలేదు. తెల్ల రొట్టె, మార్గరిన్, చక్కెర వేసిన టీ, ఉడికించిన క్యాబేజీ, డబ్బా మాంసం, జాము, అంటే ఇంగ్లండు పేదల తిండిని మరొక గుంపుకు పెట్టాడు. అవి సరిగా ఎదగలేదు. పెట్టేవారి చేతులు కరిచేవి. రెండు నెలలు తిరిగేసరికి తమలో బలహీనమైనవాటిని చంపి తినసాగాయి.

ఎరువులకు, ఆహారానికి గల సంబంధాన్ని కూడా పరిశీలించాడు. కోయంబత్తూరుకు చెందిన వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త బి.విశ్వనాథ్‌తో కలిసి, పశువుల ఎరువు వేసి పండించిన ధాన్యానికి పోషక విలువ ఎక్కువని 1926లో ప్రకటించాడు. సేంద్రియ వ్యవసాయాన్ని సమర్థించేవారు ఈ ఫలితాన్ని ఇప్పటికీ ఉదహరిస్తారు.

విమర్శలు

ఎలుకల ఫలితాలను మనుషులకు యథాతథంగా అన్వయించరాదన్నది మొదటి విమర్శ. అంతకంటే బలమైనది మరొకటి ఉన్నది. సిక్కు, పఠాను జాతులను సైన్యానికి తగిన వీరజాతులుగా, దక్షిణాదివారిని, బెంగాలీలను బలహీనులుగా చూసే బ్రిటిషు పాలకుల దృష్టికి ఈ ప్రయోగాలు శాస్త్రీయమైన ముసుగు వేశాయి. మద్రాసీ ఆహారం అని ఆయన పేర్కొన్నది నిజానికి పేదవాని ఆహారం. పాలు, పప్పు, కూరలు కొనలేనివానికి వాటి గొప్పతనం బోధించి ప్రయోజనం లేదు. అయితే బలహీనతకు కారణం పుట్టుకలో లేదనీ, తిండి మారితే మనిషి మారతాడనీ ఈ ప్రయోగాలే చూపుతున్నాయి కనుక, అవి ఆ జాతి సిద్ధాంతానికి వ్యతిరేక సాక్ష్యం కూడా అవుతాయి.

చివరి దశ

1928లో పాఠశాల విద్యార్థుల కోసం ఆహారంపై ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. 1933లో సర్ బిరుదు లభించింది. 1935లో మేజర్ జనరల్ హోదాలో పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళాడు. 1936లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో పోషణ, జాతి ఆరోగ్యం అనే అంశంపై కాంటర్ ఉపన్యాసాలిచ్చాడు. 1945 నుండి 1955 వరకు ఆక్స్‌ఫర్డులో వైద్యుల ఉన్నత శిక్షణకు సంచాలకునిగా పనిచేశాడు. ఆయన పరిశోధనా వ్యాసాలను హ్యూ సింక్లేర్ 1953లో గ్రంథంగా వెలువరించాడు. మెక్‌కారిసన్ 1960 మే 18న ఆక్స్‌ఫర్డులో మరణించాడు.

కూనూరు నుండి హైదరాబాదుకు

కూనూరులో మెక్‌కారిసన్ తరువాత సంచాలకుడైన వాలెస్ ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారపదార్థాల పోషక విలువల పట్టికను ప్రచురించాడు. దేశంలో ఆహార విజ్ఞాన విద్యార్థులు ఉపయోగించే పట్టికలకు అదే మూలం. పరిశోధనశాలలు 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నాయి. ఆ విధంగా సర్కారు జిల్లాల బెరిబెరిని వెదుకుతూ తమిళదేశపు కొండలపై పుట్టిన సంస్థ నలభై యేళ్ళకు తెలుగునేల చేరింది.