హాస్యవ్రతుడు హార్వీ కర్ట్జ్‌మన్

నవ్వు నాలుగు విధాల చేటని మన సామెత. ఆ నవ్వునే జీవితవ్రతంగా స్వీకరించి, కీర్తితోపాటు నష్టాన్నీ చవిచూచిన అమెరికన్ హాస్యచిత్రకారుడు హార్వీ కర్ట్జ్‌మన్‌ను ఇక్కడ స్మరించుకొందాము.

ఆయన 1924లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1952లో ఆయన సంపాదకత్వాన 'మ్యాడ్' అనే బొమ్మల పత్రిక వెలువడింది. హాలీవుడ్ మహాచిత్రాల వైభవానికి లోకం అబ్బురపడుచున్న రోజులవి. ఆ ఆర్భాటం వెనుకనున్న డొల్లతనాన్ని ఆయన నవ్వుతూ చూపించారు. 'కింగ్ కాంగ్' 1953లో ఆయన చేతిలో 'పింగ్ పాంగ్' అయింది. మనము తరగతిలో చదువుకొనే షేక్స్‌పియర్ నాటకం 'జూలియస్ సీజర్' 1953లో చలనచిత్రంగా రాగా, మరుసటి సంవత్సరమే వాలీ వుడ్ బొమ్మలతో దాని పేరడీ వెలువడింది. అందులో సినిమానే కాదు, పేరడీలల్లే తమ పద్ధతిని సైతం ఎగతాళి చేసుకొన్నారు. ఇతరులను చూచి నవ్వేవానికి తన్ను చూచి తాను నవ్వుకొనే ధైర్యముండాలని మనము గ్రహించవలసినది ఇక్కడనే.

అయితే, తాను పెంచిన పత్రికకు ఆయన యజమాని కారు. 1956లో 51 శాతం వాటా కోరి, అది దక్కక వైదొలగారు. పిదప నడిపిన 'ట్రంప్' రెండు సంచికలతో ఆగిపోయింది. 'హంబగ్', 'హెల్ప్' కూడా నిలువలేదు. 'మ్యాడ్' మాత్రం ఆయన వేసిన బాటలో దశాబ్దాలపాటు సాగింది.

1988లో బొమ్మల కథల పురస్కారాలకు ఆయన పేరు పెట్టారు. 1993లో ఆయన కన్నుమూశారు. వాటా దక్కకపోయినా, ఆ నవ్వు ఆయనదిగానే మిగిలింది.