చదువు విడిచి, చదువును నిలిపిన మహనీయుడు

డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరు వినగానే మనకు రాష్ట్రపతి పదవి స్ఫురిస్తుంది. ఆయన అర్థశాస్త్ర విద్యార్థి అన్న సంగతి మనలో పలువురం మరచిపోతాము.

ఆయన 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదులోనే జన్మించారు. పదేళ్ల ప్రాయంలో తండ్రిని, అటుపిమ్మట కొద్ది ఏళ్లకే తల్లిని కోల్పోయారు. ఇటావాలో పాఠశాల విద్య ముగించి, అలీగఢ్‌లోని ఎం.ఎ.ఓ. కళాశాలలో చేరారు.

అక్కడ ఎం.ఎ. చదువుతూండగా, 1920లో సహాయ నిరాకరణకై గాంధీజీ పిలుపు వినవచ్చింది. సర్కారు సాయంతో నడిచే కళాశాలను విడవడమంటే ఉద్యోగాశను వదలుకోవడమే. ఆయన సంకోచించక విడిచారు. విద్యను మాత్రం విడువలేదు. ఆ అక్టోబరు 29న అలీగఢ్‌లోనే వెలసిన జామియా మిల్లియా ఇస్లామియా నిర్మాతలలో ఒకరైనారు. తరువాత జర్మనీ వెళ్లి, బ్రిటిష్ ఇండియా వ్యవసాయ వ్యవస్థపై పరిశోధించి, 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయ డాక్టరేటు పొందారు.

ఆ పట్టాతో ఆయన పెద్ద జీతం వెదకుకోలేదు. అప్పటికి ఢిల్లీకి తరలి, ధనాభావంతో మూతపడే స్థితిలో ఉన్న జామియాకే తిరిగివచ్చారు. నెలకు 150 రూపాయలకు మించి పుచ్చుకోక ఇరవై ఏళ్లు సేవచేస్తామని 1928లో సహచరులతో కలసి ప్రతిన పూనారు. 1948 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఆ మాట నిలుపుకొన్నారు.

1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి పదవి ఆయనను వరించాయి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన సమాధి జామియా ఆవరణలోనే ఉంది.

లాభనష్టాల శాస్త్రం చదివిన ఆ మేధావి దేనిని లాభముగా ఎంచినారో, పట్టాలకై పరుగిడే మన విద్యార్థులు ఒక్కసారి యోచించాలని మా కోరిక.