పంతులుగారి ప్రార్థన

కందుకూరి వీరేశలింగం పంతులుగారిని మన పాఠ్యపుస్తకములు గద్యకర్తగా, సంఘసంస్కర్తగా పరిచయము చేయును. ఆయన ప్రార్థనాపరుడన్న సంగతి మాత్రము అంతగా చెప్పవు. నా దృష్టిలో తక్కిన పనులకెల్ల మూలము అదియే.

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిన పంతులుగారు నాలుగవయేటనే తండ్రిని కోల్పోయిరి. యౌవనమున కేశవచంద్రసేనుని గ్రంథములు చదివి ఏకేశ్వరోపాసనకు మరలిరి. 1878లో మిత్రులతో కలసి ప్రార్థన సమాజమును నెలకొల్పిరి. అచట విగ్రహము లేదు, నైవేద్యము లేదు. ప్రార్థన గదిలో నున్నంతకాలము ఊరు ఎట్లో ఓర్చుకొన్నది. అది పెండ్లిపీటలమీదికి వచ్చినప్పుడు ఓర్చుకొనలేదు.

చట్టమునకు లోటు లేదు. కులభ్రష్టుడైనంత మాత్రమున ఆస్తిహక్కు పోదని 1850లోనే శాసనమైనది. వితంతు వివాహము చెల్లునని 1856 నాటి చట్టము. మతవిషయములలో ప్రభుత్వము జోక్యము చేసికొనదని 1858లో విక్టోరియా రాణి ప్రకటన. అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చిన మొదటి సవరణయు ప్రభుత్వము చేతులనే కట్టినది. కాని పంతులుగారికి అడ్డుతగిలిన చేయి ప్రభుత్వముది కాదు. ఇరుగుపొరుగులది, పురోహితునిది, వంటవానిది. ఆ చేతిని ఏ శాసనము కట్టగలదు?

1881 డిసెంబరు 11న పంతులుగారు తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. పోలీసులు కాపు కాసిరి. పెండ్లికి పోయినవారిని కులము వెలివేసినది. ప్రాయశ్చిత్తము చేసికొని వెనుకకు మరలినవారును కలరు. వారిని నిందింప నాకు నోరు రాదు. ఇంట పెండ్లికెదిగిన పిల్లలున్నవారికి వెలి యెంత బరువో ఆనాటివారికే తెలియును.

పంతులుగారి యింటికి వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు రాలేదు. ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి, బిందెతో నీళ్లు మోసికొని వచ్చి, వచ్చినవారందరికి వండి వడ్డించిరి. గోదావరి రేవు మెట్లు ఎక్కి దిగిన మన విద్యార్థులకు ఆ బిందె బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

1887లో రాజమహేంద్రవరమున ప్రార్థనకు మందిరము వెలసినది. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి పంతులుగారు తమ ఆస్తిని దానికి సమర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయిరి. 1919 మే 27న చెన్నపట్టణమున పంతులుగారు కన్నుమూయునాటికి ఆయన మెడలో జందెము లేదు.