భక్త రామదాసు: ఆపదలో ధైర్యము

పండుగ సంతోషమునకు నెలవు. అయినను దుఃఖము తిథివార నక్షత్రములు చూచి రాదు. ఇంటి పెద్ద గతించిన యేటి పండుగ, కన్నకొడుకు దూరదేశమున నున్న యేటి పండుగ ఎంత బరువో గృహస్థులెల్ల రెరుగుదురు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి ఎందరో బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయియున్నారు. వారి యిండ్లలో శ్రీరామనవమినాడు పానకము కలుపుచున్న తల్లికి మనస్సు వాకిటిపైననే యుండును. అట్టి వేళ ధైర్యము నెట్లు నిలుపుకొనవలెను? ఎల్లారెడ్డి చేరువ నిజాంసాగరమున నిలిచిన మంజీర, కందకుర్తి కడ గోదావరిలో కలసి, ఆ ప్రవాహముతోడనే భద్రాద్రిని చేరుచున్నది. ఈ ప్రశ్నకు సమాధానమనదగిన జీవితము నడచినదియు ఆ భద్రాద్రి యందే.

భక్త రామదాసుని అసలు పేరు కంచర్ల గోపన్న. ఆయన 17వ శతాబ్దమున నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో లింగన్నమంత్రి, కామాంబ దంపతులకు జన్మించెను. శ్రీవైష్ణవాచార్యులగు రఘునాథ భట్టరువారి నాశ్రయించి రామమంత్రోపదేశము పొందెను. 1672 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన తానీషా కొలువులో అక్కన్న, మాదన్నలు ప్రముఖ పదవులందుండిరి. అక్కన్న గోపన్నకు మేనమామ. ఆ ప్రాపకమున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను.

ఆ పరగణాలోనిదే భద్రాచలము. పోకల దమ్మక్క యను భక్తురాలు స్వామిని కనుగొని, తాటాకుల పందిరి వేసి, పండ్లు నివేదించుచుండెనని స్థలపురాణము. శంఖచక్ర ధనుర్బాణములు ధరించి, సీతమ్మను వామాంకమున నిడుకొన్న ఆ వైకుంఠరాముడు ఎండవానలకు గురియగుట గోపన్న చూడలేకపోయెను. ఆలయము కట్టించెను, ప్రాకారములు, మండపములు నిలిపెను, స్వామికిని అమ్మవారికిని నగలు చేయించెను. అందులకై ఆరులక్షల సర్కారు పైకము వెచ్చించెనని ప్రసిద్ధి.

ఈ వైభవము నడుమనే మొదటి పరీక్ష వచ్చెనని భక్తచరిత్రలు చెప్పుచున్నవి. శ్రీరామనవమి సంతర్పణ జరుగుచుండెను. ఒకవంక భాగవతులు విస్తళ్లముందు కూర్చుండిరి. మరొకవంక, ఆడుకొనుచున్న గోపన్న కుమారుడు వేడిగంజి గుంటలో పడి ప్రాణము విడిచెను. ఏ పండుగకై యేడాది వేచెనో, ఆ పండుగయే పుత్రశోకమును తెచ్చినది. గోపన్న బాలుని ఎత్తుకొనిపోయి స్వామి సన్నిధిని పరుండబెట్టి మొరపెట్టుకొనెను. ఇచ్చినవాడు నీవే, ఇక దిక్కును నీవే యని విలపించెను. రామకృపచే బాలుడు నిద్రనుండి లేచినట్లు లేచెనని పెద్దలు చెప్పుదురు.

రెండవ పరీక్ష ఒక దినముతో తీరినది కాదు. రాజాజ్ఞ లేక సర్కారు పైకము ఖర్చుచేయుట రాజు దృష్టిలో నేరము. తానీషా గోపన్నను గోలకొండ దుర్గమున బంధించెను. ఆ చెర పండ్రెండేండ్లు సాగెనని ప్రతీతి. నేటికిని ఆ కోటలో రామదాసు బందిఖానాను యాత్రికులకు చూపుచున్నారు. ఏటేట చైత్రమాసము వచ్చుచుండెను; భద్రాద్రిపై కల్యాణము తలపునకు వచ్చుచుండెను; గుడి కట్టించినవానికి ఆ గుడి ధ్వజస్తంభమును చూచు భాగ్యము లేకపోయెను.

ఆ చీకటిలో ఆయన ధైర్యము ఏ రూపమున నుండెనో గమనింపదగును. గోపన్న కన్నీరు దాచుకొనలేదు. పాడెను, ఏడ్చెను, నిష్ఠురము లాడెను. ఈ నగలన్నియు ఎవరికై చేయించితినని, ఒక్కొక్క సొమ్ము పేరు చెప్పి, స్వామినే లెక్క అడిగెను. దెబ్బల బాధకు తాళలేక తిట్టితినని మరల తానే క్షమాపణ వేడెను. తండ్రి పలుకనప్పుడు బిడ్డ తల్లి కొంగు పట్టినట్లు, తన మాట స్వామి చెవిని వేయుమని సీతమ్మను ప్రార్థించెను.

ఇది అధైర్యమని తలపరాదు. శరణాగతికి పూర్వాచార్యులు చెప్పిన ఆరు అంగములలో కార్పణ్యమొకటి, మహావిశ్వాసమొకటి. నాకు శక్తి లేదని ఒప్పుకొనుట కార్పణ్యము. నీవు తప్పక రక్షింతువని నమ్ముట మహావిశ్వాసము. మొదటిది మాత్రమే యున్నచో నిరాశ యగును. రెండును కలసిన హృదయము వంగును గాని విరుగదు. రామదాసు ఎంత కఠినముగా పలికినను ఆ పలుకులు రామునితోనే పలికెను, ముఖము త్రిప్పుకొనలేదు. కనుకనే చెరసాల కీర్తనలకు పుట్టినిల్లయ్యెను.

తుదకు రామలక్ష్మణులు సేవకుల వేషమున తానీషా కడకేగి, పైకమంతయు చెల్లించి, రసీదు పొందిరని భక్తుల విశ్వాసము. విడుదలయైన రామదాసు భద్రాద్రి చేరి స్వామిసేవలో శేషజీవితము గడపెను. నాడు రాజ్యము నేలిన తానీషా 1687లో ఔరంగజేబునకు బందీ యయ్యెను; గోలకొండ రాజ్యము అంతరించెను. రామదాసు దాశరథీ శతకము, కీర్తనలు మాత్రము ఊరూర భజనగోష్ఠులలో నిలిచియున్నవి. 1767లో జన్మించిన త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసును భక్తితో స్మరించెను.

పందిరి విప్పినపిదప, చుట్టములు మరలిపోయినపిదప ఇంట నిశ్శబ్దము పెరుగును. నిజమైన పరీక్ష అప్పుడే మొదలగును. నాడు రామదాసును నిలిపినది ఒకనాటి ఉత్సవము కాదు, నిత్యస్మరణము. దుఃఖములోనున్న గృహస్థు తన బాధను దాచుకొని కృశింపక స్వామికి చెప్పుకొనవలెను, తనవారికి చెప్పుకొనవలెను. సంధ్యవేళ దీపము వెలిగించి ఒక కీర్తనయైనను పాడుకొనవలెను. ఇరుగుపొరుగున పండుగనాడు ఒంటరిగా నున్నవారిని పిలిచి ప్రసాదము పెట్టవలెను. చెరసాలలో పలికిన ఆ గొంతునకు చెవియొగ్గిన దయామయుడు మన యింటి మాటయు వినకపోడు. భద్రాద్రినాథుని కటాక్షము ఎల్లరకు లభించుగాక!