యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు 8) సుప్రసిద్ధ వైద్య శాస్త్రవేత్త. రక్తహీనతకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లము, బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ ఆయన నాయకత్వములో వెలువడినవే.

బాల్యము, విద్య

నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఆహారసారమును గ్రహింపలేక, రోగి విరేచనములతోను రక్తహీనతతోను క్షీణించిపోతాడు. అప్పటికి దీనికి సరియైన మందు లేదు.

అమెరికాలో

1923లో బోస్టన్ చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యము అభ్యసించాడు. అక్కడ వైద్యవృత్తి చేయుటకు అర్హత లేనందున, జీవనోపాధికై ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేశాడు. సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. పిదప కండరములలో ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను గుర్తించాడు. ఏ.టి.పి. ప్రస్తావన లేని జీవశాస్త్ర పాఠ్యపుస్తకము లేదు గాని, వాటిలో సుబ్బారావు పేరు కనిపించుట అరుదు.

ఫోలిక్ ఆమ్లము

బొంబాయి గర్భిణీ స్త్రీలలోని ఒక రకపు రక్తహీనత ఈస్టు సారముతో నయమగునని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో తెలిపింది. ఆ సారములోని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన సుబ్బారావు బృందము దీనిని కృత్రిమముగా తయారుచేసి 1945లో ప్రకటించింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు రోగులకు ఇచ్చి చూడగా స్ప్రూ పీడితులు కోలుకున్నారు. సోదరులకు దొరకని మందు రెండు దశాబ్దముల తరువాత ఆయన ప్రయోగశాల నుండే వచ్చింది.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పిల్లలకు ఫోలిక్ సంబంధ పదార్థములు ఇవ్వగా వ్యాధి ఉధృతమైనట్లు గమనించాడు. అట్లయిన దానిని అడ్డగించే మందు మేలు చేయవలెను. అటువంటి అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందము తయారుచేసి ఇచ్చింది. కొందరు పిల్లలలో వ్యాధి తాత్కాలికముగా ఉపశమించినట్లు ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఈ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

సికిల్ సెల్ రోగులకు ఉపయోగము

సికిల్ సెల్ వ్యాధి సుబ్బారావు పరిశోధనాంశము కాదు. ఈ వంశపారంపర్య వ్యాధిలో కొడవలి ఆకారము పొందిన ఎర్రకణములు త్వరగా నశించును. కొత్త కణముల తయారీకి ఫోలిక్ ఆమ్లము ఎక్కువగా ఖర్చగును. అందుచేత రోగులకు ఈ మాత్రలు ఇస్తారు. మేడారం జాతర జరుపుకొనే కోయ తెగలోను ఈ వ్యాధి కనిపిస్తుంది. మాత్రలు వ్యాధిని నిర్మూలించవు, రక్తహీనత ముదరకుండా తోడ్పడతాయి.

మరణము

1948 ఆగష్టు 8న న్యూయార్కులో మరణించాడు. 1923 తరువాత ఆయన స్వదేశానికి తిరిగి రానే లేదు. ఇండియాలోనే ఉండిపోయిన భార్య శేషగిరిని మరల కలుసుకోలేదు. శతజయంతి సందర్భముగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది.