ఆర్థరు యాషు

అమెరికా సంయుక్త రాష్ట్రములందు వర్జీనియా అను రాష్ట్రము కలదు. దానికి ముఖ్యపట్టణము రిచ్మండు. 1943 వ సంవత్సరము జూలై 10 వ తేదీన ఆ పట్టణమున ఒక నల్లజాతి కుటుంబమునందు ఆర్థరు యాషు జన్మించెను. ఆ కాలమున అచ్చట తెల్లవారికిని నల్లవారికిని పాఠశాలలు వేరు, బస్సులలో కూర్చుండు తావులు వేరు, ఆటస్థలములును వేరు. ఎంతటి నేర్పు గలవాడైనను, నల్లజాతి బాలుడు తెల్లవారి టెన్నిసు కోర్టులలో అడుగిడుటకు వీలులేకుండెను.

యాషు తండ్రి బ్రూక్‌ఫీల్డు అను ఉద్యానమునకు కావలిదారు. అది నల్లజాతివారికై ఏర్పడిన ఆటస్థలము. ఆ కుటుంబము నివసించు ఇల్లును అందే యుండెను. ఇంటినుండి కొన్ని అడుగులు వేసినచో టెన్నిసు కోర్టులు. 1950 లో, యాషునకు ఏడవ యేడు నిండకమునుపే, తల్లి మరణించెను. తండ్రి క్రమశిక్షణ యందు మిక్కిలి పట్టుదల గలవాడు. కుమారులను ఆ విధముగనే పెంచెను. యాషు బక్కపలుచని బాలుడు. అతనికి పుస్తకములన్నను టెన్నిసన్నను సమానమైన ప్రీతి. రాన్ ఛారిటీ అను యువకుడు అతనికి రాకెటు పట్టుట నేర్పెను. బాలుని నేర్పు నానాటికి పెరుగుట చూచి, ఛారిటీ అతనిని లించ్‌బర్గు పట్టణమునందలి డాక్టరు రాబర్టు వాల్టరు జాన్సనుకడకు చేర్చెను.

జాన్సను వైద్యవృత్తిలో నున్నవాడు. తన ఇంటి ప్రక్కనే కోర్టు కట్టించి, వేసవి సెలవులలో నల్లజాతి బాలబాలికలను చేర్చి టెన్నిసు నేర్పుచుండెను. 1957 లో వింబుల్డను స్త్రీల సింగిల్సు పోటీలో జయమందిన ఆల్తియా గిబ్సను ఆయన శిష్యురాలే. ఆయన విధించిన నియమములు కఠినములు. అంపైరుతో వాదింపరాదు. కోపము ముఖమునందైనను కనబడరాదు. ప్రత్యర్థి కొట్టిన బంతి గీతకు రెండంగుళములు వెలుపల పడినను, లోపల పడినట్లే యెంచి తిరిగి కొట్టవలెను. తెల్లవారి పోటీలలో నల్లజాతి బాలుడొకడు తగవు పెట్టుకొన్నచో, అందరిని వెలివేయుటకు అదియే సాకగునని ఆయనకు తెలియును. ఇది అన్యాయమునకు తలయొగ్గుట కాదా యని మీకు తోచవచ్చును. దానికి సమాధానము యాషు జీవితమే.

రిచ్మండులో శీతకాలమున ఆడుటకు వీలగు కప్పు గల కోర్టులలోనికి నల్లవారిని రానీయకుండిరి. అందుచే యాషు పాఠశాల విద్య చివరి సంవత్సరమును సెయింటు లూయిసు నగరమున పూర్తిచేసెను. పిదప విద్యార్థివేతనము పొంది లాస్ ఏంజిల్సు నగరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరి, 1966 లో పట్టభద్రుడయ్యెను. 1963 లో అతడు డేవిసు కప్పు పోటీలకు అమెరికా పక్షమున ఎన్నుకొనబడెను. ఆ గౌరవము పొందిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు అతడే.

1968 వరకు వింబుల్డను వంటి గొప్ప పోటీలలో వృత్తిక్రీడాకారులకు ప్రవేశము లేకుండెను. ఆ యేడు ఆ నిషేధము తొలగెను. ఆ విధముగ జరిగిన మొదటి అమెరికా ఓపెను పోటీలో యాషు హాలండు దేశీయుడైన టామ్ ఓకరును ఐదు సెట్లలో ఓడించి పురుషుల సింగిల్సు విజేత యయ్యెను. అప్పటికి యాషు సైన్యమున ఉద్యోగి, ఔత్సాహికుడుగా ఆడినవాడు. కావున 14,000 డాలర్ల బహుమానము ఓడిన ఓకరునకు దక్కెను. గెలిచిన యాషునకు లభించినది దినమునకు 20 డాలర్ల ఖర్చు మాత్రమే.

1975 వ సంవత్సరము జూలై 5 వ తేదీన వింబుల్డను పురుషుల సింగిల్సు అంతిమపోటీ జరిగెను. ప్రత్యర్థి జిమ్మీ కానర్సు, ఇరువదిరెండేండ్లవాడు; వెనుకటి యేడు ఆ పోటీలో గెలిచినవాడు. యాషునకు ముప్పదిరెండేండ్లు నిండుటకు ఐదు దినములే కొరవ. అతడు గెలుచునని తలంచినవారు మిక్కిలి కొలదిమంది. తనవైపు బంతి ఎంత వేగముగ వచ్చిన కానర్సు దానిని అంతకు మించిన వేగముతో మరలించును. యాషు అది యెరిగి, స్నేహితులతో ఆలోచించి, చిన్ననాటినుండి తనకు అలవడిన వేగపు ఆటను ఆ దినము విడిచిపెట్టెను. బంతిని మెల్లగ, తక్కువ ఎత్తున పంపసాగెను. కానర్సు వలకడకు వచ్చినపుడు తలమీదుగ ఎత్తికొట్టెను. ప్రక్కలు మారు విరామములలో కుర్చీలో కూర్చుండి కన్నులు మూసికొని మనస్సును నిలుపుకొనెను.

మొదటి రెండు సెట్లు 6-1, 6-1 గా యాషునకు వచ్చెను. మూడవది 7-5 గా కానర్సు గెలిచెను. నాల్గవ సెట్టులో కానర్సు 3-0 తో ముందంజ వేసెను. అట్టి వేళ పలువురు కలతచెంది పాత అలవాటునకు మరలుదురు. యాషు తాను యోచించిన పద్ధతిని వీడలేదు. ఆ సెట్టును 6-4 గా గెలిచి, వింబుల్డనులో పురుషుల సింగిల్సు జయించిన మొదటి నల్లజాతివాడయ్యెను. లించ్‌బర్గు కోర్టులో నేర్చిన నిగ్రహము ఆ దినము అతనికి ఆయుధమైనది.

ఆ నిగ్రహము పిరికితనము కాదు. దక్షిణాఫ్రికా ప్రభుత్వము వర్ణభేదమును పాటించుచు అతనికి ప్రవేశము నిరాకరింపగా, అతడు విడువక ప్రయత్నించి 1973 లో అనుమతి పొందెను. ప్రేక్షకులను జాతినిబట్టి వేరుగ కూర్చుండబెట్టరాదని పట్టుబట్టి అచ్చట ఆడెను. 1985 లో ఆ దేశపు రాయబార కార్యాలయము ముందర నిరసన తెలిపి నిర్బంధింపబడెను.

1979 లో యాషునకు గుండెపోటు వచ్చెను. మరుసటి యేడు ఆటనుండి విరమించెను. 1983 లో జరిగిన శస్త్రచికిత్సలో ఎక్కించిన రక్తమువలన ఎయిడ్సు వ్యాధికి మూలమైన క్రిమి అతని దేహమున ప్రవేశించెను. ఆ సంగతి 1988 లో తెలిసెను. ఆ యేడే అతడు నల్లజాతి క్రీడాకారుల చరిత్రను మూడు సంపుటములుగ ప్రకటించెను. 1992 లో తన వ్యాధిని లోకమునకు వెల్లడించి, దాని నివారణకై ఒక సంస్థను నెలకొల్పెను. 1993 ఫిబ్రవరి 6 వ తేదీన, నలువదితొమ్మిదేండ్ల వయస్సున, న్యూయార్కు నగరమున మరణించెను.

1996 లో రిచ్మండు పట్టణమున అతని శిలావిగ్రహము కాదు, కంచువిగ్రహము నిలిపిరి. బానిసత్వమును నిలుపుటకై పోరిన పక్షపు సేనానుల విగ్రహములు వరుసగా నున్న వీథి అది. 2020, 2021 సంవత్సరములలో ఆ సేనానుల విగ్రహములు ఆ వీథినుండి తొలగింపబడెను. యాషు విగ్రహము మాత్రము నిలిచెను. ఒక చేత రాకెటును, అంతకంటె ఎత్తుగ మరియొక చేత పుస్తకములను పట్టుకొని, బాలబాలికల నడుమ అతడు నిలిచియున్నట్లు శిల్పి మలచెను. ఒకనాడు కోర్టులోనికి రానీయని పట్టణమే అతనికి ఇచ్చిన స్థానమది.