ఆనంద సమరకోన్: సింహళ గీతమునకు ప్రాణము పోసిన కవిగాయకుడు

గ్రంథాలయములలోని జీవితచరిత్రలను లెక్కించి చూచినచో రాజులవియు, దేశనాయకులవియు మెండుగా కానవచ్చును. పాటయే జీవనముగా బ్రతికినవారి చరిత్రలు స్వల్పము. ఒక్క పాటవలన చిరకీర్తిని, ఆ పాటవలననే తీరని దుఃఖమును పొందినవాని చరిత్ర మరింత అరుదు. మనకు దక్షిణమున, సేతువునకు ఆవల నున్న సింహళద్వీపమున అట్టి కవిగాయకుడొకడు జీవించెను. ఆయన పేరు ఆనంద సమరకోన్. నేడు శ్రీలంక ప్రజలు లేచి నిలిచి పాడు జాతీయగీతమునకు పదములను, స్వరములను కూర్చినవాడు ఆయనయే. మన రజతోత్సవ సంచిక చదువరులకు ఆ మహనీయుని చరిత్రము తెలియుట మేలని తలచి దీనిని వ్రాయుచున్నాను.

ఆయన 1911వ సంవత్సరము జనవరి 13వ తేదీన, కొలంబో నగరమునకు తూర్పుగా నున్న పాదుక్క ప్రాంతమున ఒక క్రైస్తవ కుటుంబమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు జార్జ్ విల్‌ఫ్రెడ్ అల్విస్ సమరకోన్. కోట్టెలోని క్రైస్తవ కళాశాలలో విద్య నభ్యసించి, పిమ్మట అచ్చటనే సంగీతమును, చిత్రలేఖనమును బోధించు ఉపాధ్యాయుడయ్యెను. గానము, చిత్రలేఖనము అను ఈ రెండు విద్యలును ఆయనను కడవరకు విడువలేదు.

ఆనాటి సింహళ సంగీతముయొక్క స్థితిని కొంత తెలిసికొననిదే ఆయన చేసిన పనియొక్క విలువ మనకు తెలియదు. పందొమ్మిదవ శతాబ్దము చివర బొంబాయినుండి పార్సీ నాటక సమాజములు సింహళమునకు వెళ్లి ప్రదర్శనము లిచ్చెను. వానిని చూచి అచ్చటివారు నూర్తి యను పేర నాటకములు కట్టిరి. ఆ నాటకములలోని పాటలకు హిందుస్థానీ వరుసలే ఆధారము. మన ఆంధ్రదేశమునను ధార్వాడ నాటక సమాజమువారు వచ్చి పోయిన పిదపనే నాటకములు విజృంభించిన సంగతి పెద్దలకు తెలిసినదే. అయితే సింహళమున ఒక చిక్కు ఏర్పడెను. గ్రామఫోను వచ్చినపుడును ఆ అరువు వరుసలలోనే సింహళ పదములను ఇరికించి పాడుట వాడుకయ్యెను. వరుస పరదేశమునది, మాట స్వదేశమునది. పల్లెలలో పొలము దున్నువారికి, కోత కోయువారికి తమ జానపద గానము సమృద్ధిగా నున్నను, సభలలో దానికి పీట వేయువారు లేకపోయిరి.

ఇట్టి సమయమున, 1936లో, సమరకోన్ వంగదేశమునకు వెడలి శాంతినికేతనమున చేరెను. అప్పటికి రవీంద్రకవి సజీవుడై యుండెను. కళాభవనమునకు నందలాల్ బోస్ పెద్దగా నుండెను. మన రాయప్రోలు సుబ్బారావుగారు సైతము అంతకు పూర్వము ఆ ఆశ్రమమున కొంతకాలము గడపి, తెలుగు కవిత్వమునకు క్రొత్త దారి చూపిన సంగతి ఇచ్చట స్మరింపదగినది. సమరకోన్ అచ్చట నుండినది ఆరు మాసములు మాత్రమే. చదువు ముగింపకయే మరలి వచ్చెను. పట్టము చేతికి రాలేదు గాని, రవీంద్రుని మార్గము ఆయన మనస్సున నాటుకొనెను. బావులులు పాడు వరుసలను, పడవవారి పాటలను రవీంద్రుడు ఆదరించి తన గీతములలో నిలిపినట్లే, సింహళమునకును తన నేలలోనుండి పుట్టిన గానము కావలెనని ఆయన నిశ్చయించెను. స్వదేశమునకు వచ్చిన పిదప బౌద్ధము స్వీకరించి ఆనందుడను పేరు ధరించెను.

1937లో వెలువడిన ఎండద మెణికే అను యుగళగీతము ఆయన సంకల్పమునకు తొలి ఫలము. ఒక పల్లెటూరి యువకుడును, ఒక యువతియు ఒకరితో నొకరు పలుకు మాటలే ఆ పాట. అందు పురాణపురుషులు లేరు, రాజాస్థానము లేదు. పదములు జనుల నోట నాడునవి. వరుస ఆయన స్వయముగా కట్టినది. సింహళ కళాగీతమునకు అదియే నాందియని అచ్చటి సంగీతజ్ఞులు ఎంచుదురు. పొడిమల్ ఎతనో, విలే మలక్ పిపిలా మొదలగు గీతములు ఆ త్రోవలోనే వచ్చి ఇంటింట వ్యాపించెను. పిమ్మటి తరముల గాయకులు ఎందరో ఆ బాటనే నడచిరి.

1938 మొదలు 1942 వరకు ఆయన గాలె నగరమందలి మహింద కళాశాలలో సంగీతోపాధ్యాయుడు. మన అడయారున దివ్యజ్ఞాన సమాజమును నెలకొల్పిన ఆల్కాట్ దొర సింహళమున బౌద్ధ విద్యాలయముల స్థాపనకు చేసిన కృషినుండి పుట్టిన విద్యాలయములలో అది యొకటి. అచ్చటనే, 1940లో, తన విద్యార్థులు పాడుకొనుటకై ఆయన నమో నమో మాతా అను గీతమును రచించెను. నాటికి ద్వీపము ఇంకను ఆంగ్లేయుల పాలనలోనే యుండెను. పైరులతో, పూలతో, పండ్లతో శోభిల్లు మాతృభూమిని కొనియాడి నమస్కరించు గీతమది. రవీంద్రుడే ఆ పాటను కట్టి యిచ్చెనను వాదము కొందరు చేయుదురు గాని, శ్రీలంక ప్రభుత్వము సమరకోన్‌నే కర్తగా అంగీకరించినది.

అటుపిమ్మట కష్టకాలము ప్రాప్తించెను. 1945లో ఆయన ఏకైక కుమారుడు అయిదేండ్ల పసిప్రాయమున మరణించెను. ఆ శోకమును భరింపలేక ఆయన దేశమును విడిచి భారతదేశమునకు వచ్చి, చిత్రలేఖనమున మనస్సు నిలిపి, పలుచోట్ల తన చిత్రములను ప్రదర్శించెను.

1948 ఫిబ్రవరి 4న సింహళము స్వతంత్రమయ్యెను. జాతీయగీతమునకై లంకా గాంధర్వ సభవారు పోటీ జరిపిరి. అందు గెలిచిన గీతముయొక్క కర్తలు నిర్ణేతల సంఘమున సభ్యులై యుండుటచే జనులు దానిని మెచ్చరైరి. 1950లో ఆర్థికమంత్రి జె. ఆర్. జయవర్ధన, సమరకోన్ గీతమును స్వీకరింపవలెనని ప్రతిపాదించెను. ఎడ్విన్ విజయరత్న అధ్యక్షతన ఏర్పడిన సంఘము పరిశీలించి దానినే ఎన్నుకొనగా, 1951 నవంబరు 22న ప్రభుత్వము ఆమోదించెను. పండిత నల్లతంబి దానిని తమిళమునకు పరివర్తించెను.

ఇచ్చట చదువరులు ఒక లెక్కను గమనింపవలెను. సమరకోన్ ఆ గీతమును తన పాటల పుస్తకమున చేర్చి అచ్చు వేయించి యుండెను. అచ్చుకూలి చెల్లింప శక్తి లేక, పుస్తకముపై హక్కును ముద్రించినవానికే ఒప్పగించెను. 1954లో ప్రభుత్వము ఆ గీతముపై హక్కును 2,500 రూపాయలకు కొనెను. పైకము హక్కుదారునకు చెందెను. పాట దేశమునకు చెందెను. కవికి మిగిలినది కర్త యను పేరు మాత్రమే.

ఆ మిగిలినదానికిని త్వరలోనే ముప్పు వాటిల్లెను. 1952లో ప్రథమ ప్రధాని డి. ఎస్. సేనానాయక గుఱ్ఱముపైనుండి పడి మరణించెను. 1959లో ప్రధాని బండారనాయక హత్యకు గురియయ్యెను. దేశమునకు కలిగిన ఇట్టి కీడులకు జాతీయగీతముయొక్క ఆది గణమే కారణమని కొందరు పత్రికలలో వాదింపసాగిరి.

ఛందస్సు తెలిసిన మన పల్లెటూరి పండితులకు ఈ వాదము క్రొత్తది కాదు. మన లక్షణశాస్త్రము ననుసరించి నమోన అనునది లఘువు, గురువు, లఘువు, అనగా జగణము. దానికి సూర్యుడు అధిదేవత, రోగము ఫలము. శ్రీలంకా అను మూడు గురువులు మగణము. దానికి భూమి అధిదేవత, సంపద ఫలము. నన్నయభట్టారకుడు శ్రీకారముతో శార్దూలవృత్తమున భారతమును ప్రారంభించుటయు ఈ మగణముతోడనే. కావున శాస్త్రమునందు అట్టి నియమము లేదని నేను చెప్పను.

అయితే శాస్త్రమును సగము చదువుట తగదు. దేవతావాచకములకును, శుభవాచకములకును గణదోషము అంటదని లాక్షణికులే చెప్పియున్నారు. భారవి కిరాతార్జునీయమును, మాఘుడు శిశుపాలవధమును వంశస్థవృత్తమున మొదలిడిరి. వంశస్థమునకు తొలి గణము జగణమే. మొదట శ్రీ శబ్దముండుటచే ఆ కావ్యములకు దోషము లేదందురు. అట్లైన, కావ్యారంభమునకు విధింపబడిన మూడు మంగళములలో నమస్క్రియ యొకటి కాదా? తల్లికి నమస్కరించు పదమునకు దోషమెట్లు అంటును? అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. గణనియమము కవి తన కావ్యమును మొదలిడునపుడు తాను పాటించుకొనవలసినది. ఒకడు వ్రాసి ముగించిన పదమును, ఆతడు బ్రతికి యుండగా, అడుగకయే మార్చు అధికారమును ఏ శాస్త్రమును ఎవరికిని ఈయలేదు.

సమరకోన్ ఆ మార్పును గట్టిగా ప్రతిఘటించెను. కాని ఆయన మాట చెల్లలేదు. 1961 ఫిబ్రవరిలో, శ్రీమతి సిరిమావో బండారనాయక ప్రధానిగా నున్న కాలమున, ఆయన సమ్మతి లేకయే తొలి పదములను తీసివేసి శ్రీలంకా మాతా అను పదములను నిలిపిరి. నమో శబ్దము గీతమున ముందునకు పోయిన పిదప మిగిలియే యున్నది. శిరస్సున మాత్రము లేదు. తన గీతమునకు శిరశ్ఛేదము జరిగినదని ఆ కవి కుమిలిపోయెను. 1962 ఏప్రిల్ 5వ తేదీన, ఏబదియొకటవ యేట, నిదురమాత్రలు మితిమీరి సేవించి ప్రాణములు విడిచెను. అంతటివానికి అట్టి అంతము కలుగుట చూచి దుఃఖింపని వారుండరు.

తొలి గణము మారినందువలన దేశమునకు శాంతి కలిగెనా యని అడిగినచో, చరిత్ర చెప్పు సమాధానము వేరు. 1971లో యువకుల తిరుగుబాటు, 1983 మొదలు 2009 వరకు అంతర్యుద్ధము ఆ ద్వీపమును పీడించెను. దేశముయొక్క మేలుకీడులు మనుజుల నడవడిని బట్టియే యుండును గాని, పాటలోని మొదటి మూడక్షరములను బట్టి కాదు. 1978 నాటి రాజ్యాంగము మారిన పదములతోడనే ఆ గీతమును స్థిరపరచెను. 2016 స్వాతంత్ర్యదినోత్సవమున, అనేక సంవత్సరముల పిదప, తమిళ పాఠమును సైతము పాడిరి. ఏ భాషలో పాడినను అది ఆయన గీతమే.

సమరకోన్ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒక్కటే. కవికి ధనము దక్కకపోవచ్చును, పదవి దక్కకపోవచ్చును. ఆయన మాట మాత్రము ఆయన యుంచినట్లే నిలువవలెను. గ్రంథాలయము చేయు పని యిదియే. పుటలు చినుగకుండ, అక్షరములు చెరుగకుండ, మార్పులు చేరకుండ, కవి పలికినది పలికినట్లుగా రాబోవు తరమునకు అప్పగించుటకే ఈ బీరువాలును, ఈ పట్టికలును. ఇరువదియైదు వత్సరములుగా మన గ్రామమున ఆ ధర్మమును నెరవేర్చుచున్న మన గ్రంథాలయము ఇంకను వర్ధిల్లి స్వర్ణోత్సవమును జరుపుకొనుగాక.